ఢీలారామ్ ఎవరో నాకు తెలుసు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట గొంతుకి అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే కాబోలు, మీతో చెప్పబుద్ధవుతోంది. పేరు అడక్కండి. పేరు తప్ప మిగతాదంతా ఉన్నదున్నట్టు రాస్తాను, రాయగలిగితే.

నా పని బొమ్మలు గీయడం. కార్టూన్ బొమ్మలు. నెహ్రూ నగర్‌లో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని చేస్తున్నాను. బిస్కెట్ ప్యాకెట్ మీద గెంతే కుందేలు, పిల్లల పుస్తకంలో పళ్ళు తోముకునే ఎలుగుబంటి, అలాంటివి. బొమ్మ నోరు విప్పకముందే వాడు ఎలాంటివాడో చూసేవాళ్ళకి తెలిసిపోవాలి. అదే మా విద్య. దవడ నలుచదరంగా గీస్తే మాట మీద నిలబడేవాడు. మొహం మొనదేలితే జిత్తులమారి. ఒళ్ళంతా గుండ్రంగా ఉంటే మంచివాడు, ఆ గుండ్రం కాస్త కిందికి జారితే బద్ధకస్తుడు. కనురెప్ప సగం వాల్చారా, వాడికి దేని మీదా ధ్యాస లేదని చంటిపిల్లకైనా అర్థమైపోతుంది. ఒక్క గీత! ఒక్క గీతతో మనిషి గుణం తేల్చేయొచ్చు. ఒకప్పుడు ఈ మాట ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో. ఇప్పుడు చెబుతుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఢీలారామ్ నా బొమ్మే.

ఈ చుట్టుపక్కల చిన్నా పెద్దా కార్ఖానాల్లో గోడల మీద జాగ్రత్తల పోస్టర్లు ఉంటాయి. వాటిలో అన్నీ తప్పుగా చేసి దెబ్బలు తినేవాడు ఒకడుంటాడు. ఒక కన్ను సగం మూసుకుని, భుజాలు ముందుకి జారేసి, కాళ్ళు ఈడ్చుకుంటూ, హెల్మెట్ పట్టీ గడ్డం కింద వేలాడేసుకుని నడుస్తాడు. వాడే ఢీలారామ్, అంటే అన్నీ వదులుగా వదిలేసేవాడు. వాణ్ణి చూడగానే జనం నవ్వుతారు. ఫోన్లలో స్టిక్కర్లు కూడా వచ్చాయి. ఎవరైనా పనికి ఆలస్యంగా వస్తే ఢీలారామ్‌ని పంపిస్తారు. నాకూ పంపిస్తారు. ఏం చెయ్యను, నవ్వే బొమ్మ ఒకటి తిరిగి పంపిస్తాను.

వాణ్ణి నేను ఊహించి గీయలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాను.

ఆ పోస్టర్లు వేయించే వ్యాపారి అప్పటికి నా బొమ్మలు రెండు వెనక్కి పంపాడు. వీడు అజాగ్రత్త మనిషిలా లేడు మేడమ్, సినిమా హీరోలా ఉన్నాడు అన్నాడు. చిరాకెత్తిపోయింది. పొద్దుటినుంచీ గీయడం, చించడం. మధ్యాహ్నం తలుపు దగ్గర మావయ్య గొంతు వినిపించింది. క్వార్టర్ పెరట్లో మునక్కాయలు కాశాయని సంచీలో పెట్టుకుని సైకిల్ మీద తెచ్చారు. ఫ్యాన్ కింద కూర్చోమని టీ ఇచ్చాను. ఆయన సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నారు. నేను చూశాను. నా చెయ్యి దానంతటదే కదిలింది. పది నిమిషాలు పట్టలేదు. సాయంత్రానికల్లా, ఇక చాలు, వీడే వాడు అంటూ వ్యాపారి ఫోన్: "బస్ మేడమ్, యహీ హై!"

మావయ్య అంటే సొంత మేనమామ కాదు. సెక్టర్ 4లో మా క్వార్టర్ గోడకి అవతలి ఇల్లు వాళ్ళది. ఆయనా మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఒకేసారి ఈ హిందీవాళ్ళ ఊరికి, ఉక్కు ప్లాంటులో పనికొచ్చారు. ఇక్కడ పుట్టిన పిల్లలం కదా, మాకు హిందీయే ముందొచ్చింది. నాకు తెలుగు దిద్దించింది ఆయనే, వాళ్ళ వరండా గచ్చు మీద సుద్దముక్కతో. ఇప్పుడు మీరు చదువుతున్నవి ఆ అక్షరాలే.

ఆయన ప్లాంటులో క్రేన్ నడిపేవారు. కరిగిన ఉక్కుని ఇంత పెద్ద గంగాళంతో ఎత్తి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి మోసుకెళ్ళే క్రేన్ అది. పైన చిన్న గదిలో ఆయన, కింద మనుషులు. రిటైరయ్యే దాకా నడిపారు, కింద ఒక్కరికీ గాయం కాలేదు. మా సెక్టర్‌లో ఆయన పేరు చెబితే ముందు జాగ్రత్తే గుర్తొచ్చేది. స్కూటర్ వెనక కూర్చున్నా హెల్మెట్ పట్టీ రెండుసార్లు లాగి చూసుకునే మనిషి. అందుకు మేం పిల్లలం వెక్కిరించేవాళ్ళం కూడా.

మరి ఆ కన్ను? ఒకరోజు కొక్కెం గంగాళానికి సరిగ్గా తగులుకోలేదని అనుమానం వచ్చిందట. ఎత్తకుండా ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి చూశారట. నిప్పురవ్వ ఎగిరి రెప్ప మీద పడింది. అప్పటినుంచి ఆ రెప్ప పూర్తిగా లేవదు. అనుమానం నిజమేనట, కొక్కెం నిజంగానే తగులుకోలేదు. భుజాలు వంగింది, ఏళ్ళ తరబడి ముందుకి వంగి కింద మనుషుల్ని చూసుకుంటూ ఉండటం వల్ల. ఆ నడక, క్రేన్ ఎక్కే సన్నటి ఇనుప దారి మీద అడుగు ఆనించి, గట్టిగా ఉందని తెలిశాకే బరువు వేసే అలవాటు. నేల మీదా అది పోలేదు.

ఇవన్నీ నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ తెలుసు. తెలియక చేశానంటే మీరు క్షమిస్తారేమో, నేనూ క్షమించుకుంటానేమో. తెలిసే, ఆయన జాగ్రత్త ఆయన ఒంటి మీద వదిలిన గుర్తులన్నీ ఏరుకుని, ఒక్కొక్కదాన్నీ అజాగ్రత్తగా మార్చి గీశాను. ఎందుకు? పని తొందరా? పిల్లప్పటి వెక్కిరింత ఎక్కడో మిగిలిపోయిందా? ఎంత తవ్వుకున్నా తేలదు. గీత బాగా కుదిరింది, అంతే. కుదిరితే ఇక నాకు మనిషి కనిపించడు. అదీ నా జబ్బు. నేను సొంతంగా చేర్చింది ఒక్కటే: ఊడిన పట్టీ.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మావయ్యకి ఒక ప్రైవేటు కార్ఖానాలో పని దొరికింది. కొత్తగా చేరే కూలీలకి జాగ్రత్తలు చెప్పే పని. ఎంత మురిసిపోయారో! నోటు పుస్తకం కొని, ఎర్ర ఇంకుతో ప్రమాదాలు, నీలం ఇంకుతో జాగ్రత్తలు రాసుకున్నారు. మా ఇంటికొచ్చి చదివి వినిపించారు. నేనూ బావుందన్నాను. ఆయన పాఠం చెప్పే హాల్లోనే నా పోస్టర్లు అంటిస్తారని నాకెందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా?

ఒక పొద్దున పదింటికి నా గదికి వచ్చారు. చేతిలో చుట్టిన కాగితం. మునక్కాయలు లేవు. కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం బల్ల మీద పరిచి, మూలలకి నా రంగు సీసాలు బరువు పెట్టారు. ఢీలారామ్.

"ఇది నువ్వు గీసిందేనటే అమ్మీ?"

"అవును మావయ్యా."

"కొత్తగా సేరిన గుంటలు నన్ను సూసి నవ్వుతన్నారు. నాను గుమ్మంలోకి రాగానే ‘ఢీలారామ్ ఆ గయా’ అంతన్నారు. నవ్వితే నవ్వనీ, నాకేటి? కానీ నాను కొక్కెం గురించి సెప్తుంటే ఇనట్నేదు. అదే నా బాధ." బొమ్మ పక్కనే నిలబడి మొహం నా వైపు తిప్పారు, రెండూ ఒకేసారి కనిపించేలా. "సరిగ్గా సూసి సెప్పు. ఈడు నానేనేటి?"

బల్ల మీద అప్పటికే రెండో విడత బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి. పన్నెండు పోస్టర్లు. ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. ఆ క్షణాన అవును అని ఉంటే రెండు రోజుల పని, అంతే. కన్ను మార్చి, వీపు మార్చి, కొత్త మొహం పెట్టి ఉండేదాన్ని. గోడల మీదవి కూడా మార్పించమని ఆ వ్యాపారిని పట్టుపట్టి ఉండేదాన్ని. కానీ ఆయన ముందు దోషిలా నిలబడటానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే చెబుదామని చాలా వెతికాను. లేదు.

"ఛ! నువ్వేంటి మావయ్యా!" అని నవ్వాను. నిజంగా నవ్వాను. బొమ్మలో ఆ వేలాడే పట్టీ మీద వేలు పెట్టి చూపించాను. "ఇటు చూడు. నువ్వెప్పుడైనా పట్టీ పెట్టుకోకుండా ఉన్నావా? వీడెవడో ఊరికే గీసిన బొమ్మ."

ఆయన వంగి చూశారు. ఆ వాలిన కన్ను కాగితానికి దగ్గరగా పెట్టి, చాలాసేపు. తర్వాత ఆయన మొహం తేటపడింది.

"నిజవే. నానెప్పుడూ పట్టీ ఇప్పనేదు." నా తల మీద చెయ్యి వేశారు. "నిన్ను అనుమానించినాను. తప్పయిపోనాది తల్లీ."

ఆయన నాకు క్షమాపణ చెప్పారు! ఆయన! నాకు!

ఆ వారంలోనే ఆ పన్నెండు పోస్టర్లూ అచ్చుకి పంపాను.

నెల తిరక్కుండా ఆయన పని మానేశారు. ఎవరూ పొమ్మనలేదు. మా అమ్మ అడిగితే చెప్పారట: "నా మొహం సూస్తే ఆళ్ళకి నవ్వొస్తాది. నవ్వొస్తే ఇనరు. ఇనకపోతే ఎవుడికో దెబ్బ తగుల్తాది. ఇంకోడు సెప్తే ఇంటారు కదా." అమ్మ ఈ మాట మామూలుగా, కూర తరుగుతూ చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏళ్ళ తరబడి కింద మనుషుల కోసం వంగిన మనిషి, ఆఖరికి ఆ మనుషుల కోసమే తనకిష్టమైన పని కూడా వదులుకున్నారు. ఆ ఎర్ర ఇంకు, నీలం ఇంకు పుస్తకం ఏమైందని అడిగే మొహం నాకు లేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఎవరైనా ఆయన్ని ఢీలారామ్ అని ఆటపట్టిస్తే ఆయన నా తరఫున వాదిస్తారు. మా అమ్మీ గీసిందే గానీ నన్ను చూసి కాదు, నేనే వెళ్ళి అడిగాను, ఆ పిల్ల అబద్ధం ఆడదు అంటారు. నా ముందే అన్నారు, పెళ్ళి భోజనాల దగ్గర, పది మందిలో. నేను తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటారా? ఆదివారాలు కాలేజీ పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను. మొన్న తెర మీద ఢీలారామ్‌ని చూపించాల్సి వచ్చింది. వాళ్ళే అడిగారు. ఒకమ్మాయి లేచి, మేడమ్, ఇతన్ని చూడగానే ఎందుకూ పనికిరానివాడని తెలిసిపోతోంది, భలే గీశారు అంది. నేను ‘శభాష్, బాగా గమనించావు’ అన్నాను. నా నోటితో! ఇంటికొచ్చి రెండు రోజులు పెన్సిల్ ముట్టుకోలేదు. ఏం విద్య ఇది? రెప్ప వాలిందని చూపిస్తుందే గానీ, ఎందుకు వాలిందో చెప్పదేం? విద్యని తిట్టి ఏం లాభం, దానికేం తెలుసు. తెలిసింది నాకు.

ఇది హిందీలో రాసి ఉంటే హాయిగా ఉండేది. నాకు సులువు, ఆయన హిందీ పుస్తకాలు ముట్టుకోరు. కావాలనే తెలుగులో రాశాను. తప్పులుంటే నావి, దిద్దించిన మనిషివి కావు. దీన్ని మా తెలుగువాళ్ళ సంఘం సంచికకి ఇస్తున్నాను. ఆ సంచిక ఒకటి సెక్టర్ 7లో పత్రికలు చదువుకునే గదిలో పెడతారు. మావయ్య రోజూ అక్కడికి వెళ్ళి, భూతద్దం పట్టుకుని, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వదలకుండా చదువుతారు. ప్రకటనలు కూడా. పేరు లేకపోయినా రాసింది నేనని ఆయన పోల్చుకుంటారు, మునక్కాయల దగ్గరికి వచ్చేసరికి అంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆయన ఏమనుకుంటారో, నాతో మాట్లాడతారో లేదో నాకు తెలియదు. క్షమించమని అడగను. ఆయన ఇదివరకే ఒకసారి నన్ను క్షమాపణ అడిగారు, అది నా దగ్గరే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట ఆయన ఒక ప్రశ్న అడిగారు. దానికి జవాబు చెప్పి ఊరుకుంటాను.

అవును మావయ్యా. వాడు నువ్వే. ఆ కన్ను నీదే, ఆ భుజాలు నీవే, ఆ నడక నీదే. పట్టీ మాత్రం నేను ఊడదీశాను.