సీకాయ నీళ్ల పచ్చిక

మొన్న ఇంటికి వచ్చిన మేనల్లుడు, ఈ వయసులో వంగి గడ్డి కోయడం ఎందుకు, శుభ్రంగా టైల్స్ పరిపించెయ్యమని సలహా చెబితే, పరిపించనని ఒక్క మాటతో తేల్చి, పాత డైరీలు ముందేసుకుని కూర్చున్నాను.

తొంభైల చివర అనంతపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిట్లో చిన్న పచ్చిక వేశాను. మొదటి ఎండాకాలం, పశువుల మేతను కోసినట్టు కొడవలితో మొదలంటా కోసి, రోజూ పైపైన నీళ్లు చిలకరించి, చేతులారా మాడ్చుకున్నాను. మన సీమవాళ్లకు గడ్డి అంటే మేతే కదా, నిలబెట్టి పెంచడం ఎవరికి తెలుసు? ఆ తరువాత మూడు వేళ్ల ఎత్తు వదిలి కోయడం, కోసిన తుంపులను నేలకు నీడగా అక్కడే వదలడం, నాలుగు రోజులకొకసారి పొద్దు పొడవక ముందే లోతుగా తడపడం నేర్చుకుని, ఏనాడు కోసిందీ ఏనాడు తడిపిందీ రాసి పెట్టుకున్నాను.

ఆపై వచ్చిన కరువు ఏళ్లలో కుళాయి ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. స్నానాల నీళ్లే గడ్డికి ఆధారమయ్యాయి. సబ్బు నీళ్లు దానికి పడవని ఇంటిల్లిపాదీ సీకాయకు, సున్నిపిండికి మారాము. నా భార్య ఎంత సణిగిందో ఆ పేజీల్లో ఉంది. వీధంతా ట్యాంకరు కోసం బిందెలు వరస పెడుతుంటే మా వాకిలి పచ్చగా ఉండటం ఎవరికి గిడుతుంది? కుళాయికి దొంగచాటుగా మోటారు పెట్టి లాగుతున్నానని పుకారు లేచింది. ఒకరోజు పొద్దున్నే ఎదురింటి అక్క నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, గడ్డి పీకి పారెయ్యమని వాకిట్లో నిలబడింది.

"ఏమప్పా, మాకు తాగనీకి నీళ్లు లేవు. నీ గడ్డేమన్నా పాలిస్తాదా?"

పీకనన్నాను. తడపడానికి తెచ్చిన బకెట్టును ఆమె ముందు పెట్టి, "ఇవి కుళాయి నీళ్లయితే నువ్వే పీకెయ్ అక్కా" అన్నాను.

ఆమె చెయ్యి ముంచి వాసన చూసింది. వెనక ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

"సీకాయ నీళ్లే. దొంగ కాదు మే, పిచ్చోడు."

ఆ మాటను ఆ రోజు డైరీలో ఉన్నదున్నట్టు ఎక్కించాను; ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు.

ఆ అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నీళ్లకు అంత కటకట లేదు, మేడల మీది ట్యాంకులు నిండి వీధిలోకి పారుతున్నా ఎవరూ గేటు తట్టి ఇదేమిటని అడగరు. నేనే వెళ్లి అడుగుతున్నాను. ఈ పెద్దాయనకు వేరే పని లేదంటారు. అననీ. వాకిట్లో నిలబెట్టి నిలదీసే మనుషుల మధ్య బతికినవాణ్ణి, అడగకుండా ఉండటం నాకు చేతకాదు.