ఎదుటివాడి మాట ముందు

పక్కనుంచి లారీ పోతే వంతెన వణుకుతుంది. ఆ వణుకు ముందు అరికాళ్లకు తెలుస్తుంది. వెనకే కాలిన జీడితొక్కు ఘాటు, డీజిల్ పొగ గొంతులోకి దిగుతాయి. పలాస దగ్గర ఈ వంతెన మీద పిట్టగోడకు ఒరిగి నిలబడిన ప్రతిసారీ నాకు అప్పలస్వామి మాస్టారు గుర్తొస్తారు.

ఆయన మాకు సైన్సు చెప్పేవారు. ఆదివారాలు తన అరుగు మీద మాచేత వాదనలు చేయించేవారు. దయ్యాలున్నాయా, గ్రహణం వేళ గర్భిణి అన్నం తినవచ్చా, ఏదైనా నియమం ఒకటే: ఎదుటివాడి మాటను వాడే మెచ్చేలా ముందు చెప్పాలి, తర్వాతే మన జవాబు. ఒకసారి నేను దయ్యాలను నమ్మేవాళ్లను వెర్రివాళ్లన్నాను. "తిట్టడానికి సదువెందుకే? కుళాయి కాడ నేర్పరేటి?" అన్నారు. అందరూ నవ్వారు. ఆలోచించడం నాకు ఆ నవ్వుల మధ్యే అబ్బింది.

వంతెన వెడల్పు చేస్తామన్నప్పుడు, పాత కాలిబాటను కూడా బళ్లకే ఇచ్చేస్తారని తెలిసింది. మా అమ్మలా జీడి కార్ఖానాలకు నడిచిపోయే ఆడవాళ్లకు అదే దారి. కాలిబాట ఉంచమని అధికారుల సభలో అడిగే పని మాస్టారికి అప్పగించారు.

ఆయన లేచి, అలవాటుగా, ఎదుటి పక్షంతో మొదలుపెట్టారు. డయాలసిస్‌కు పోతున్న ఉద్దానం కిడ్నీ రోగి అంబులెన్సులో లారీల వెనక చిక్కుకుంటే ఎలా ఉంటుందో చెప్పారు. జనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. "మాస్టారే ఒప్పుకున్నాక ఇంకేముంది!" అంటూ ఇంజనీరు లేచాడు.

"బాబూ, ఆగండి, మా మాట ఇంకా సెప్పలేదు!" అన్నారు మాస్టారు.

అప్పటికే మైకు చేయి మారింది. వందన సమర్పణ మొదలైంది.

బయట అమ్మ ఆయన్ను నిలదీసింది. "ఏటి మాస్టారూ, ఆళ్ల మాట అంత బాగా సెప్పినారు. మా మాట ఎవులు సెప్తారు?"

ఆయన తలెత్తలేదు. "తప్పైపోనాదమ్మా," అన్నారు.

తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగినా ఫలితం లేకపోయింది. వెడల్పు చేసిన వంతెన మీద మా వీధి నరసమ్మ కాలు లారీ చక్రం కింద నలిగింది. తలరాత అన్నారు జనం. "తలరాతేటి? ఈ వంతెనకి గీత గీసినోడు మనిసి కాడా?" అని మాస్టారు రోడ్డు మీదే అరిచారు. ఆనాటి నుంచి కార్ఖానా వదిలే వేళకు వచ్చి, లారీలకూ ఆడవాళ్లకూ మధ్య నడిచేవారు.

"ముసలోడా, సావాలనుందా?" అన్నాడొక డ్రైవరు.

"నీ తొందర నాకు తెల్సు నాయనా. ఈళ్లదీ తెల్సుకో."

అప్పుడు కూడా ముందు ఎదుటివాడి మాటే!

మాస్టారు పోయారు. ఆడవాళ్లు ఇంకా పిట్టగోడను రాసుకుంటూనే నడుస్తున్నారు. ఇప్పుడు సభల్లో నేను మాట్లాడుతున్నాను. మైకు అందగానే నడిచేవాళ్లకేం కావాలో ముందు చెప్పేసి, ఆ తర్వాతే ఎదుటి పక్షానికి న్యాయం చేస్తాను. ఇంటికొచ్చాక, ఎవరి మాట ముందు రావాలని, మనసులో మాస్టారితో వాదన మొదలవుతుంది. ఆయన పక్షాన్ని ఆయనే మెచ్చేలా చెప్పగలను. నా జవాబు దగ్గరే ఆగిపోతాను.