లేని సైకిల్‌కు కిస్తు

ఉప్పుగూడ గుండయ్యకు ఒకటే పిచ్చి. కిస్తుల మీద సైకిల్ కొంటానన్న మనిషి కనబడితే చాలు, ఆ సైకిల్ ఇంటికి రాకముందే దానికి కిస్తులు వసూలు చేసేవాడు. నవ్వుతూ కాదండోయ్! చావింటికి పోయిన మనిషిలా మొహం పెట్టుకుని, శనివారం సాయంత్రం గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేవాడు.

అలాంటి గుండయ్య దగ్గరికి ఇస్సాకు వెళ్లక తప్పలేదు. ఇస్సాకు పనిచేసే బిస్కెట్ల ఫ్యాక్టరీ చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి ఇంకా నాలుగు మైళ్లు. బస్సు చౌరస్తా దాకానే, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఆలస్యమైన ప్రతిసారీ సగం రోజు కూలి కోత. పోయిన వారమైతే సూపర్‌వైజరు "గిట్లనే అయితే పేరు కొట్టేస్త" అనేశాడు. శాలిబండలో లతీఫ్ భాయ్ కిస్తుల మీద సైకిళ్లు ఇస్తాడు గానీ, పర్మినెంటు నౌకరీ ఉన్న మనిషి జామీను నిలబడాలి. వీడు కట్టకపోతే నేను కడతానని సంతకం పెట్టాలి. వాళ్లుండే గల్లీలో పర్మినెంటు నౌకరీ ఒక్క గుండయ్యదే, రైల్వేలో.

"నగదుకెంత?" అని అడిగాడు గుండయ్య.

"రెండొందల ఎనభై అన్నా."

"కిస్తులకు?"

"మూడొందల నలభై."

గుండయ్య బాధగా కళ్లు మూసుకున్నాడు. "ఆ మీది అరవై రూపాల మీద నువ్వు కూసోలేవు. తొక్కలేవు. దానికి బెల్లు గూడ ఉండదు. మరి ఎందుకిస్తున్నవురా?"

"నౌకరే పోతే నగదు యాడికెల్లి తేవాలె అన్నా?"

ఈ మాటకు గుండయ్య మొహం ఇంకా గంభీరమైంది. "సరే. నేను జామీను నిలబడాల్నంటే ముందుగాల మూడు నెల్లు నాకు కిస్తు కట్టు. వారానికి అయిదు. కట్టగలిగితే సైకిల్ నీకు అచ్చొస్తది, లేకుంటే లేదు."

"సైకిలేది అన్నా?"

"ఉన్నదనుకో."

ఇస్సాకు అనుకున్నాడు. ఏం చేస్తాడు పాపం!

అంతటితో ఊరుకుంటే ఆయన గుండయ్య ఎందుకవుతాడు? ఒక శనివారం అయిదు రూపాయలు తన పాలడబ్బాలో వేసుకుని మళ్లీ చెయ్యి చాపాడు.

"ఇంకేంది అన్నా?"

"నిన్న ఎన్క చక్రం పంక్చరైంది. పావలా."

"నేను ఎక్కనే లేదు గదా!"

"నువ్వు ఎక్కకుంటే ముండ్లు ఊకుంటయా?"

ఇంకో వారం చైనుకు నూనె అన్నాడు. వాన కురిసిన రోజున వచ్చి, సైకిల్‌ను తడవనిచ్చినందుకు ఇస్సాకును గల్లీ అంతా వినేలా చివాట్లు పెట్టాడు. ఇస్సాకు భార్య నీలమ్మ మొదట్లో నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. పోనుపోను ఆమే ఇంట్లో ఒక మూలన బియ్యం బస్తా పెట్టడం మానేసి, "ఆడ సైకిలుంటది" అనసాగింది. ఇస్సాకు కూడా తెల్లవారకముందే లేచి, ఆ మూలను ఒకసారి చూసుకుని, కాలినడకన ఫ్యాక్టరీకి బయల్దేరేవాడు.

మూడో నెలలో నీలమ్మకు టైఫాయిడ్ వచ్చింది. కూలి అంతా మందులకూ డాక్టరుకూ పోయింది. శనివారం గుండయ్య రానే వచ్చాడు.

"ఈ వారం లేవన్నా. నీలమ్మ పానం సంగతి నీకు ఎరికే గదా."

గుండయ్య లోపలికి తొంగి చూసి, "జరం తగ్గిందా చెల్లె?" అని అడిగాడు. తర్వాత ఇస్సాకు వైపు తిరిగాడు. "దుకాణపోడు ఇవేం అడుగడు బిడ్డా. కిస్తు తప్పితే సైకిల్ గుంజుకపోతడు. గిట్ల."

మూలకు పోయి, లేని స్టాండును కాలితో తన్నాడు. లేని హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకుని గడప దాటించాడు. గల్లీ గల్లీ అంతా బయటికొచ్చింది. పాలమ్మే ఓదెలు పగలబడి నవ్వుతూనే పక్కకు జరిగి సైకిల్‌కు దారిచ్చాడు.

ఇస్సాకు మాత్రం నవ్వలేదు. "ఒక్క వారం ఆగరాదే అన్నా" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ మూల నిజంగానే బోసిగా ఉంది. అతనికి ఏడుపొచ్చింది. గుండయ్య ఒకసారి ఆగి అతని మొహం చూశాడు. తర్వాత తల వంచుకుని వెళ్లిపోయాడు.

సోమవారం నీలమ్మకు జావ కాచి పెట్టి వెళ్లేసరికి ఫ్యాక్టరీలో సైరన్ అయిపోయింది. "రేపు గూడ గిట్లనే వస్తే ఎల్లుండి రాకు" అన్నాడు సూపర్‌వైజరు. జామీను లేకపోతే లేదు, కాళ్లయినా పట్టుకుందామని ఇస్సాకు సాయంత్రం తిన్నగా శాలిబండకు పోయాడు.

"ఆవో ఇస్సాకు! నీ సైకిల్ తయార్ ఉంది, తీస్కపో" అన్నాడు లతీఫ్ భాయ్.

"నాకు జామీను లేరు భాయ్."

"అరే, గుండయ్య నిన్ననే దస్తఖత్ చేసి పోయిండు! మొదటి పైసలు గూడ కట్టిండు, పాలడబ్బ నిండ చిల్లర. గినుకుంట లెక్కవెట్టుకుంట నా వేళ్లు నొచ్చినయ్."

"ఏమన్న అన్నడా?"

"ఒక షరతు పెట్టిండు. ఎప్పుడన్న కిస్తు తప్పితే సైకిల్ కోసం వాళ్లింటికి పోవద్దు, నా దగ్గరికి రా అన్నడు. సైకిల్ గుంజుకపోయేటప్పుడు ఆ పిలగాని మొఖం చూసిన భాయ్, ఇంకోపారి నాతోని కాదు అన్నడు." లతీఫ్ భాయ్ గడ్డం గోక్కున్నాడు. "నాకు ఒకటే సమజ్ కాలె మియా. సైకిల్ నా దుకాణంలనే ఉండె గదా, గుంజుకపోయిందేంది?"

ఇస్సాకు కొత్త సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు సైరన్ కంటే ముందే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి సైకిల్‌ను మూలన నిలబెడుతుంటే గుండయ్య వచ్చాడు. రెండు చేతులూ ముందుకు పెట్టుకుని, మెల్లగా నడిపించుకుంటూ.

"ఇగో, నీ పాతది. కిస్తులు కట్టినవు, నీదే."

ఇస్సాకు కళ్లు తుడుచుకున్నాడు. తనూ అంతే గంభీరంగా, "ఇంట్ల జాగ లేదన్నా. నువ్వే ఉంచుకో" అన్నాడు.

"కిస్తుల మీదనైతే వద్దు."

"ఊకెనే తీస్కో."

గుండయ్య ఆలోచించాడు. "ఎన్క చక్రం పంక్చర్ ఏపించినవా?"

"పావలా ఇస్తి గదా!"

"ఔ" అని గుండయ్య తృప్తిగా తలూపి, హ్యాండిల్ తిప్పుకున్నాడు. ఎక్కలేదు. ఆయనకు సైకిల్ తొక్కడం రాదు.

"పైలం గుండన్నా, ముంగట మోరీ ఉంది!" అని నీలమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

గుండయ్య మురిక్కాలువ దగ్గర ఆగాడు. ముందు చక్రం ఎత్తి, తర్వాత వెనక చక్రం ఎత్తి, జాగ్రత్తగా దాటించుకుని పోయాడు.