అక్క మేడ మీద రైలు పిట్టలు

పోయిన వారం మధ్యాహ్నం, హిందూపురంలో మా స్టూడియోలో ఒక పెద్దమనిషికి పాస్‌పోర్టు ఫోటో తీస్తుండగా ధర్మవరం నుంచి బావ ఫోన్ చేశాడు. అక్క సంవత్సరీకం దగ్గర పడింది కదా, ఆ సంగతే అయి ఉంటుందనుకున్నాను. బావ ఫోనులో ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు. యాభై ఏళ్ళుగా మగ్గం చప్పుడు మధ్య ఉన్న మనిషి. "ఏమప్పా, ఆ పిట్టల ఫోటో ఉండాది చూడు, మీ అక్క ఫోనులో పెట్టుకునింది. అది పెద్దది చేసి ఫ్రేము కట్టించుకోని రా. మీ అక్క ఫోటో పక్కన తగిలిద్దాం. దానికి శానా ఇష్టం కదా అది" అన్నాడు. సరే బావా అన్నాను. ఇంకేమనగలను? ఫోను పెట్టేసి చూస్తే, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఊపిరి బిగబట్టుకుని కెమెరా వైపే చూస్తున్నాడు. నా ఎడమ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది మరి.

ఈ చెయ్యి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాకు పని నేర్పిన ఆయన మొట్టమొదట నేర్పింది కెమెరా పట్టుకోవడం కాదు, చెయ్యి ఎత్తడం. బటన్ నొక్కబోయే ముందు ఎడమ అరచేయి చూపించాలి, నోటితో ఒక్క మాటా అనకూడదు. అప్పుడు ఎంత గోలగా ఉన్న జనమైనా బొమ్మల్లా నిలబడతారు. ముప్పై అయిదేళ్ళుగా ఈ చెయ్యి ఎత్తి పెళ్ళికొడుకుల్నీ, ఏడుస్తున్న పసిపిల్లల్నీ, అన్నదమ్ముల తగువుల్నీ ఆపాను. ఒకసారి లేపాక్షి దగ్గర ఒక పెళ్ళిలో పురోహితుడు కూడా మంత్రం మధ్యలో ఆగిపోయి, ఫ్లాషు వెలిగాక మళ్ళీ అందుకున్నాడు. ఇంట్లో మాత్రం ఈ విద్య చెల్లదు. చెయ్యి ఎత్తితే మా ఆవిడ అందులో కూరగాయల సంచి పెడుతుంది. నాకు బాగా అబ్బిందీ, నేను గర్వపడిందీ ఈ ఒక్క విద్యే.

మాది పెనుకొండ. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది, అప్పటికి అక్కకు పదహారు. అప్పటి నుంచి నాకు అమ్మంటే అక్కే. కొండ కింద మా వీధిలో నన్ను చంకనేసుకుని నీళ్ళ బిందె ఎత్తుకుని నడిచేదని ఇప్పటికీ అక్కడి ముసలివాళ్ళు చెబుతారు. ధర్మవరంలో పట్టు చీరలు నేసే ఇంటికి సంబంధం కుదిరినప్పుడు, "నా తమ్ముడు నాతో వస్తాడు. అట్లయితేనే తాళి కట్టించుకుంటా" అని పెళ్ళిచూపుల్లోనే చెప్పేసిందట. బావ కాదనలేదు. ఆయన ఆ రోజు అక్కను చూసిన తీరు చూస్తే, మొత్తం పెనుకొండను వెంటబెట్టుకు వస్తానన్నా ఒప్పుకునేవాడని మా పిన్ని ఎగతాళి చేసేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. నేను ఆ ఇంట్లో పెరిగి, మగ్గం గుంటలో కాలు పెట్టి అచ్చిరాక, హిందూపురంలో స్టూడియో పెట్టుకున్నాను. అంతే, మా బతుకులన్నీ ఒకే రైలు దారి మీద మూడు స్టేషన్ల మధ్య గడిచిపోయాయి.

అక్కావాళ్ళ ఇల్లు ధర్మవరం స్టేషనుకు దగ్గర. కింద మగ్గం, పైన మేడ. మేడ మీద నీడకు పాత దుప్పట్లు కట్టి, వెదురు బొంగుల మీద చిలపలు, అంటే రంగు వేసిన పట్టు దారపు చుట్టలు, ఆరేసేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట అనుకుంటాను, ఒక చలికాలం సాయంత్రం ఆ మేడ మీద టీ తాగుతూ తల ఎత్తితే, ఆకాశంలో ఒక గుంపు. వందలు కాదు, వేలు. గోరింకల జాతే, కాని నల్ల తల, గులాబీ ఒళ్ళు. ఎక్కడెక్కడి చలి దేశాల నుంచో కార్తీకంలో వచ్చి, ఫాల్గుణంలో వెళ్ళిపోతాయట. పగలంతా తాడిమర్రి వైపు చేలమీద పడి తిని, పొద్దు వాలగానే ఊళ్ళోకి వచ్చి, స్టేషను బయట ఉన్న పెద్ద చెట్ల మీద రాత్రి పడుకుంటాయి. పడుకునే ముందు మాత్రం వాటికి ఒక ఆట ఉంది. గుంపంతా ఒకేసారి లేచి, ఇళ్ళ మీదుగా సాగి, చుట్టుకుని, విడిపోయి, మళ్ళీ కలుస్తుంది. కింద ఆటోలు, బజ్జీల బండి, ప్లాట్‌ఫాం మీద మైకు, ఎవరి గోల వాళ్ళది. చెట్ల కింద నడిచేవాళ్ళు వాన లేకుండానే గొడుగులు వేసుకునేవాళ్ళు. తెల్లచొక్కా వాళ్ళయితే పరుగే. రైలు కూత వేసినప్పుడల్లా గుంపు ఉలిక్కిపడి మలుపు తిరుగుతుంది కాబట్టి అక్క వాటికి రైలు పిట్టలని పేరు పెట్టింది.

అక్కకు వాటిమీద కోపం. ఒక్క రెట్ట పడితే చిలప పాడవుతుంది. అందుకని అవి వచ్చే వేళకు మేడ ఎక్కి, చిలపలన్నీ తీసి బుట్టలో వేసి, పైన గుడ్డ కప్పి, ఆ బుట్ట పక్కనే కాపలా కూర్చునేది. "మా తమ్ముడు చక్కని పెండ్లికూతుర్లను తీస్తాండె. ఇప్పుడు నా పట్టు మింద రెట్ట వేసే పిట్టలను తీస్తాండాడు" అని పక్క మేడ ఆడవాళ్ళతో చెప్పి నవ్వేది. నాకేమో పిచ్చి పట్టింది. స్టూడియోలో చేతినిండా పని ఉన్న రోజులు పోయాయి, ప్రతివాడి జేబులో కెమెరా ఉంది. ఈ పిట్టలు మాత్రం సెల్‌ఫోనుకు లొంగవు. ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి ధర్మవరం రావడం, మేడ మీద నిలబడటం, చీకటి పడగానే మళ్ళీ రైలు. మూడు చలికాలాలు అలా నడిచాయి. బావ కింద మగ్గం మీద ఉండేవాడు. మేడ మీద ఉండేది అక్కా, నేనూ. కాదు, అక్కా, నా వీపూ.

మూడో చలికాలం, దీపావళి దాటిన మొదటి ఆదివారం. అక్క నా కోసం ఉడకబెట్టిన శనక్కాయలు తెచ్చింది. తను ఒక గ్లాసు మజ్జిగ తెచ్చుకుంది. గిన్నె ఖాళీ చేసింది నేనే. నువ్వు తినవా అని అడిగితే, తిన్నానని చెప్పింది. చిలపలు బుట్టలో వేసి కూర్చుని, "ఒరే, పిట్టలు వచ్చేలోపల నీతో ఒక మాట చెప్పల్ల. ఈ మధ్య నాకు..." అని మొదలు పెట్టింది. సరిగ్గా అప్పుడే పడమటి వైపు నుంచి గుంపు లేచింది. ఆ రోజు వెలుతురు ఎంత బాగుందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. నేను వెనక్కి తిరగలేదు. ఎడమ చెయ్యి ఎత్తాను.

అందరూ ఆగినట్టే అక్కా ఆగింది.

పిట్టలకు మనిషి మాట ఒక లెక్కా? పక్కనే రైళ్ళు కూసినా పారిపోని వాటిని మా అక్క గొంతు బెదరగొడుతుందా? అలవాటు, అంతే. ఫోటో మాత్రం నా జన్మలో తీసినవాటిలో మంచిది వచ్చింది. గుంపు మొత్తం ఊరి మీద ఒక నది మలుపులా ఉంది. అక్కకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "అబ్బ, ఎంత బాగుండాదిరా! నా ఫోనుకు పంపు" అంది. కోపమంతా ఏమైపోయిందో, ఆ రోజు నుంచి అదే ఆమె ఫోనులో కనబడేది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, నన్ను నేను కాపాడుకోవడానికి కాదు. ఏదో చెప్పాలంటివే అని నేను అడిగాను. కెమెరాలోకి చూస్తూ అడిగాను. "ఏం లేదులే, మళ్ళా చెప్తా. నీ రైలుకు టైమయితాంది" అంది. సరేనని వచ్చేశాను.

తర్వాత కూడా ఒకటి రెండుసార్లు అలాగే జరిగింది. ఆమె గొంతు సవరించుకోవడం, నా చెయ్యి లేవడం. చివరికి చెప్పడం మానేసింది. చిక్కిపోతున్నదని గమనించకపోలేదు. "ఏమక్కా, పిట్టలాగా అయిపోతాండావు" అని హాస్యమాడాను కూడా. నవ్వింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఫాల్గుణంలో ఒక రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి. "ఒరే, నిన్న సాయంకాలం చూస్తే ఒక్క పిట్ట లేదురా. అన్నీ పోయినాయి. ఇప్పుడు నీకు తీరికేనా?" అంది. తీరికే అన్నాను. "అయితే ఒకసారి రా. ముద్ద దిగడం లేదు, డాక్టరుకు చూపించల్ల. మీ బావ పని మింద ఉండాడు, ఆయనకు చెప్పలేదు" అంది. అదే రోజు వెళ్ళాను. వారంలో బెంగళూరు పెద్దాసుపత్రిలో ఉన్నాం. అన్నం దిగే గొట్టంలోనే గడ్డ. డాక్టరు ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. అక్క దీపావళి నుంచి అంది. అంత కాలం ఎందుకు ఊరుకున్నావమ్మా, అప్పుడే వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్ళం కదా అని ఆయన విసుక్కున్నాడు. "పనులుండె సార్" అంది అక్క. నా వైపు చూడలేదు. చూడకుండా నన్ను కాపాడిందని ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. నాకెందుకు చెప్పలేదని అరిచాను, సిగ్గు లేకుండా. అక్క నా ఎడమ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు పిట్టల మింద ఉంటివి కదరా. అవి ఎన్నాళ్ళు ఉంటాయిలే, పోయినాక చెప్దామనుకుంటి" అంది. నింద కాదు. నా చిన్నప్పుడు నేను నిద్ర లేచేదాకా పొయ్యి దగ్గర పళ్ళెం మూతపెట్టి కాచుకునేదే, అదే పద్ధతి. ఆమెకు మనుషుల పని అయ్యేదాకా ఆగడం అలవాటు. నా చెయ్యి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

వేసవి, వానలు ఆసుపత్రి చుట్టూ తిరిగి గడిచాయి. కార్తీకంలో అక్క పోయింది. ఆ రోజు సాయంత్రం మేము శ్మశానం నుంచి వస్తుంటే ఊరి మీద గుంపు తిరుగుతోందని ఎవరో అన్నారు. నేను తల ఎత్తలేదు.

ఈ సంగతి బావకు చెప్పలేదు. ఏడాది పాటు గొంతులో పెట్టుకుని తిరిగాను. ఆయన అడిగిన ఫోటోనే మొన్న పెద్దది చేసి, అద్దం వేయించి, గుడ్డలో చుట్టి రైలెక్కాను. పెనుకొండలో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి కొండ వైపు చూశాను. ఇక్కడ దిగిపోయి వెనక్కి పోదామా అనిపించింది. దిగలేదు.

సంవత్సరీకం అయిపోయి, భోజనాలు చేసి బంధువులు వెళ్ళిపోయాక, బావా నేనూ మేడ ఎక్కాం. ఈ ఏడాది ఆయన మగ్గం సరిగ్గా నేయలేదు, బొంగుల మీద చిలపలు లేవు. ఆయనకు మొత్తం చెప్పేశాను. శనక్కాయలు, మజ్జిగ గ్లాసు, ఎత్తిన చెయ్యి, అన్నీ. ఆ ఫోటో అప్పుడు తీసిందేనని కూడా చెప్పాను. కొట్టినా పడదామనుకున్నాను.

బావ లేచి వెళ్ళి ఒక ఖాళీ బొంగును సరిచేసి వచ్చాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, చిన్న గొంతుతో మాట్లాడాడు. "నా కాడికీ వచ్చెనప్పా. మగ్గం పక్కన కూర్చుని, 'ఏమయ్యా, నాకు...' అనె. నేను అంచు పోగులు ఎంచుకుంటాంటి. లెక్క తప్పుతాదని ఇట్ల అంటి." కుడి అరచేయి ఎత్తి చూపించాడు. "లేసి పాయె. మళ్ళా అడగల్యా నేను. మీ అక్క పోయినాక ఏడాదిగా ఒకటే అనుకుంటాండా. నాతో చెప్పకపోయినా, మేడ మింద తమ్ముడితో మనసులో మాట చెప్పుకునింటాది, పిట్టలను చూసుకుంటా ఇద్దరూ బాగా మాట్లాడుకునింటారు అని. అందుకే ఆ ఫోటో అడిగినా."

నేను ఆయనకు మిగిలిన ఆ ఒక్క ఓదార్పునూ లాగేసుకున్నానని అప్పుడు అర్థమైంది. ఆయనే నా భుజం మీద చెయ్యి వేశాడు. గుంపు వచ్చింది. మా తలల మీదుగా రెండుసార్లు తిరిగి చెట్ల మీదకు దిగింది. ఇద్దరం చూశామో లేదో నాకు గుర్తు లేదు. మేము అక్క గురించి మాట్లాడుకుంటున్నాం. ఆమెకు ఏం తినడం ఇష్టమో, ఎవరి మీద కోపమో, పెళ్ళికి ముందు ఏమనుకునేదో, ఎక్కడికి పోవాలని ఆశపడి అడగకుండా ఊరుకుందో. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు, చాలావరకు ఇద్దరికీ తెలియదు. అలా చీకటి పడేదాకా కూర్చున్నాం, నా రైలు కూడా వెళ్ళిపోయింది. ఇంత తీరిక అక్క బతికున్నప్పుడూ మా ఇద్దరికీ ఉండింది.