రత్తమ్మ పిన్ని రెండెకరాలు

ఈ మాట నా గొంతులో పదిహేనేళ్లకు పైగా ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. దేవుడి ముందు చెప్పుకుందామని కూర్చున్నాను, అక్కడా తల తిప్పుకున్నాను. మా ఆయనకు తెలుసు. కానీ తెలిసినవాళ్లకు చెబితే అది చెప్పినట్టు కాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి. ఇంతకుముందు రెండుసార్లు రాయబోయి చించేశాను.

మాది పిడుగురాళ్ల వెళ్లే రోడ్డు మీద ఒక ఊరు. మిరప, పత్తి వేస్తాం. నేను బీకాం చదివి ఆ ఇంటి కోడలినయ్యాను. అప్పటికే మామగారు లేరు. నా పెళ్లయిన రెండో ఏడు అత్తగారూ పోయారు. ఇక ఇంట్లో మిగిలిన పెద్దావిడ రత్తమ్మ పిన్ని. మామగారి చెల్లెలు. మా ఆయనకు మేనత్త, వరసకు నాకు పిన్ని. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిందట. పిల్లల్లేరు. అటువైపు వాళ్లు మళ్లీ ఆమె ముఖం చూడలేదు.

పెద్దావిడ అన్నాను. అలా చూశామా? లేదు. అందరికంటే ముందు లేచేది. గేదె పాలు పితకడం, వాకిలి చిమ్మడం, ఎసరు పెట్టడం అన్నీ ఆమే. మిరపకాయలు కల్లంలోకి వచ్చాయంటే కూలీలతో పాటు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేది. సాయంత్రానికి చేతులు మంటెత్తిపోతే ఇంత మజ్జిగ రాసుకుని మళ్లీ అంట్ల ముందు కూర్చునేది. అన్నం మాత్రం అందరి తర్వాతే. వడ్డిస్తాను రమ్మంటే, "మీరు తినండమ్మా. ఊరికే కూర్చుని తినేదాన్ని, నాకేం తొందర?" అనేది.

ఊరికే కూర్చుని! ఆమె కూర్చోగా నేను చూసింది ఎప్పుడు?

ఆమె అలా అన్నప్పుడల్లా, "అదేం మాట పిన్నీ" అనేదాన్ని నేను. అని, తినేసేదాన్ని.

రెండువేల ఏడు ప్రాంతంలో మా రోడ్డు పక్క పొలాలకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. నిన్నటిదాకా పత్తి గురించి మాట్లాడిన మనుషులు ప్లాట్ల గురించి మాట్లాడసాగారు. రోడ్డును ఆనుకుని మాకు నాలుగెకరాలు ఉండేది. దాన్ని వెంచర్ వేద్దామని మా ఆయన ఉత్సాహం. ఇంట్లో ఉన్న పాత కాయితాలన్నీ తెచ్చి నా ముందు పోశాడు, చదువుకున్నదాన్ని కదా అని. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అప్పుడే హైదరాబాద్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురు చెప్పింది, భూములూ ఇళ్లూ కొనడం అమ్మడంలో ఉండే చట్టాల గురించి ఇంటర్నెట్‌లో ఆరు నెలల కోర్సు ఒకటి ఉందని. చేరిపోయాను.

ముందు గదిలో కంప్యూటర్ పెట్టించాం. ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్ అది. ఒక పేజీ తెరుచుకునేలోపు పప్పు ఉడికేది. కరెంటు పోతే పాఠం సగంలో ఆగేది. పిన్ని కొంగుతో ఆ తెర మీది దుమ్ము తుడిచి, "ఇందులో పంతులు ఎక్కడుంటాడే అమ్మాయ్?" అని అడిగేది. మా అమ్మాయి భూముల చదువు చదువుతోందని వీధిలో అందరికీ చెప్పుకునేది.

నాకా చదువు నచ్చింది. నిజం చెప్పాలి కదా. పెళ్లయ్యాక నాది అనిపించిన మొదటి పని అదే. హక్కు అంటే ఏమిటి, స్వాధీనం అంటే ఏమిటి, చేతిలో పొలం ఉన్నంత మాత్రాన అది మనదవుతుందా... మధ్యాహ్నాలు ఇంగ్లీషు పాఠం ప్రింటు తీసుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేదాన్ని. తెలివైనదాన్ని అనిపించుకోవడం ఎంత బాగుంటుందో మీకు తెలిసే ఉంటుంది.

చివర్లో ఒక అసైన్‌మెంటు ఇచ్చారు. మీకు తెలిసిన ఒక స్థలం తీసుకోండి, ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లి అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాయండి అని. నేను మా నాలుగెకరాలే తీసుకున్నాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఇ.సి.కి అర్జీ పెట్టాను. ఒక భూమి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో వాళ్లు వెతికి రాసిచ్చే కాయితం అది. పది రోజులకు వచ్చింది.

అందులో నాకు తెలియని ఒక దస్తావేజు ఉంది. నకలు తీయించాను. మా ఆయన తాతగారు, ముసలితనంలో, ఆ నాలుగింటిలో తూర్పు పక్క రెండెకరాలు కూతురు రత్తమ్మ పేరున రాసిచ్చారు. దానంగా, సర్వహక్కులతో. నీవు భర్తృవిహీనవై నా వద్దనే ఉన్నందున, నా తదనంతరం ఎవరి పంచనా చేరకుండా గౌరవంగా బతుకుటకు అని, లేఖరి గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. ఆ తర్వాత ఆ రెండెకరాల మీద ఇంకే దస్తావేజూ లేదు. మామగారు దాన్ని తన పొలంతో కలిపి దున్నుకున్నారు. పాసుపుస్తకం తన పేరున తెచ్చుకున్నారు. అంతే.

ఆ నకలు చదివినప్పుడు నాకేమనిపించింది? చాలాసార్లు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. పిన్నికి చెప్పాలని పరుగెత్తుకెళ్లి ఉండాల్సింది. అలా అనిపించలేదు. భయం వేసింది. తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, కోపం వచ్చింది. ఆమె మీద. మా అన్నం తింటూ మా పొలంలో సగానికి యజమాని అయి కూర్చుందని.

ఆ వారంలోనే, తనే అడిగింది.

కల్లంలో కూలీలు వెళ్లిపోయారు. పిన్ని ఇంకా కుప్ప ముందే ఉంది, కాయలు ఏరుతూ. నేను టీ తీసుకెళ్లాను.

"అమ్మాయ్, ఒక మాటడుగుతాను, నవ్వవు కదా?"

"అడుగు పిన్నీ."

"మా నాన్న పోయేముందు నాకేదో రాశానన్నాడే. టౌనుకి కూడా తీసుకెళ్లాడు. తర్వాత మా అన్నయ్యనడిగితే అది చెల్లలేదమ్మా అన్నాడు. నువ్వు ఆ కాయితాలన్నీ చూస్తున్నావంటగా. నా పేరున ఏమన్నా ఉందా?"

నకలు ఇంట్లో ఉంది. నా బీరువాలో, చీరల కింద.

"చూశాను పిన్నీ. ఏం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదు. మామయ్యగారు చెప్పింది నిజమే."

ఆమె చేతిలోని కాయను తాలు కుప్పలో పడేసింది. తర్వాత నవ్వేసింది. "పోన్లే. ఉంటే మాత్రం నేనేం చేసుకుంటాను? ఊరికే, మా నాన్న అబద్ధం చెప్పాడా అని మనసులో ఉండిపోయింది. అందుకడిగా."

టీ గ్లాసు తీసుకుంది. అంతే ఆ సంభాషణ.

నోరు జారింది అనుకోవచ్చు. కంగారులో వచ్చిన అబద్ధం అనుకోవచ్చు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ తర్వాత చేసినవి? అవి నోరు జారినవి కావు.

కోర్సులో సందేహాలు అడగడానికి ఒక పేజీ ఉండేది. అక్కడ ఒక ప్రశ్న రాశాను. 'ఎ' అనే పిల్లల్లేని వితంతువుకు ఆమె తండ్రి భూమి దానమిచ్చాడు. ఆమె ఏమీ రాయకుండా చనిపోతే ఆ భూమి ఎవరికి పోతుంది? మర్నాటికి జవాబు వచ్చింది. మంచి ప్రశ్న అడిగారని ముందు నన్ను మెచ్చుకున్నారు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చి ఉంటే తండ్రి వైపువాళ్లకు వస్తుంది, దానంగా వచ్చింది కాబట్టి భర్త వైపు వారసులకు పోతుంది అని వివరించారు.

నలభై ఏళ్లు ఆమె ముఖం చూడని మనుషులకు! అప్పటికి నా మనసుకు ఒక సాకు దొరికింది. ఇది మోసం కాదు, పొలం పరాయివాళ్ల పాలు కాకుండా చూడటం అని. పిన్ని ఒక అక్షరమైపోయింది. ఎ. అక్షరాన్ని మోసం చేయడం తేలిక.

మా ఆయనకు చెప్పాను. ఆయనకు అంతవరకూ నిజంగా తెలియదు. నకలు చేతిలో పట్టుకుని రెండుసార్లు చదివాడు. చివరికి, "అత్తకి చెబుదాం. అడిగితే తనే రాసిస్తుంది కదే" అన్నాడు.

రాసిచ్చేదే. సంతోషంగా, తన పిల్లలకిచ్చినట్టు ఇచ్చేది. నాకూ తెలుసు. అయినా వద్దన్నాను. చెబితే ఎవరో ఒకరు ఆమెకు లేనిపోనివి ఎక్కిస్తారన్నాను, పని చెడుతుందన్నాను. ఆయన నకలు నా చేతికిచ్చేశాడు. ఎందుకు వద్దన్నాను? ఇన్నేళ్లు నన్ను తినేసిన ప్రశ్న ఇదే. పొలం పోతుందని కాదు. అడిగి పుచ్చుకుంటే ఆమె ఇచ్చేదవుతుంది, మేం తీసుకునేవాళ్లమవుతాం. తనకు రెండెకరాలుందని తెలిశాక పిన్ని తెల్లవారకముందే లేస్తుందా? అందరి తర్వాత తింటుందా? నేను పాఠం ముందు కూర్చున్న మధ్యాహ్నాలు అంట్లు ఎవరు తోముతారు? ఇంత చిన్న విషయం. రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది. కానీ ఇదే నిజం.

పిన్ని ఆ రెండెకరాలు మా ఆయనకు దానమిస్తున్నట్టు దస్తావేజు నేనే తయారుచేశాను. నా మేనల్లుడివైన నీయందు గల ప్రేమాభిమానముల చేత అని రాశాను. పిన్నికి మాత్రం, పాసుపుస్తకంలో మామయ్యగారి పేరు మార్చాలి, ఇంట్లోవాళ్లందరూ వేలిముద్ర వేయాలట అని చెప్పాను. ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. ఆఫీసులో అధికారి అడిగాడు, "ఏమ్మా, ఇష్టపడే రాసిస్తున్నావా?" అని. ఆమెకు ఆ ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదు. "అమ్మాయి చెప్పిందండి. చదువుకుంది. అంతా దానికి తెలుసు" అంది. ఆయన నా వంక చూశాడు. నేను నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తు. ఎక్కడా వణకలేదు.

తిరిగొస్తూ ఆమెకొక మంగళగిరి చీర కొన్నాను. "నాకెందుకే ఇంత మంచిది?" అంటూనే ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది బస్సులో. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను నేను.

అసైన్‌మెంటులో పొలం చేతులు మారిన లింకులన్నీ చక్కగా కలిశాయి. మంచి మార్కులొచ్చాయి. సర్టిఫికెట్ పోస్టులో వస్తే పిన్ని దాన్ని పట్టుకెళ్లి నాలుగిళ్లలో చూపించి వచ్చింది.

ఇంతవరకే అయితే, పొలం సంగతి అని ఎప్పటికో సర్దుకునేదాన్నేమో.

మూడేళ్ల తర్వాత పిన్ని సన్నబడుతున్నట్టు అనిపించింది. అడిగితే ఎండలన్నది. అన్నం తగ్గిస్తే ఆకలి లేదన్నది. ఒకరోజు గేదె దగ్గర పడిపోయింది. గుంటూరు తీసుకెళ్లాం. కడుపులో గడ్డ. పెద్దదైపోయింది. ఏడాదిగా నొప్పి ఉండి ఉండాలే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అని డాక్టరు గద్దించాడు.

"ఎలా చెప్పనండి? ఇన్నేళ్లుగా ఊరికే పెట్టి పోషిస్తున్నారు. మళ్లీ ఆసుపత్రులు కూడానా?" అంది ఆమె. ఆయనతో అంది. నేను పక్కనే ఉన్నాను.

తన పేరున రెండెకరాలుందని తెలిసిన మనిషి ఏడాది పాటు నొప్పిని పళ్లబిగువున ఓర్చుకునేదా? అమ్మాయ్, కడుపులో నొప్పే, డాక్టరుకు చూపించు అని హక్కుగా అడిగేది కాదూ? ముందే చూపిస్తే బతికేదో లేదో నాకు తెలియదు. తెలియదు అనుకుని పడుకుంటాను. అయినా నిద్ర రాదు.

తర్వాత నెలన్నర ఉంది. ఆ నెలన్నరలో నేను చేయని సేవ లేదు. ఊళ్లో అందరూ కన్నకూతురు కూడా ఇంత చేయదన్నారు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. జావ తాగిస్తున్నాను. చెప్పేద్దామనుకున్నాను. "పిన్నీ" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీ చేతి అన్నం తిని పోతున్నానే అమ్మాయ్. నాకింకేం కావాలి" అంది. నేను మిగతా జావ తాగించాను. మూతి తుడిచాను. చెప్పలేదు. చెబితే ఆమె ప్రశాంతత పోతుందని ఆగానని అప్పుడు అనుకున్నాను. అబద్ధం. ఆమె కళ్లలో నేను తగ్గిపోతానని ఆగాను.

ఇప్పుడా తూర్పు పక్క ఇళ్లు లేచాయి. మనుషులు కాపురాలు చేసుకుంటున్నారు. చట్టం దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. నేనే సవ్యంగా చేశాను కదా. మోసపోయిన మనిషికి మోసం తెలిసిన రోజు నుంచే కోర్టుకెళ్లే గడువు మొదలవుతుందని ఒక పాఠంలో చదివాను. ఆమెకు ఎన్నటికీ తెలియలేదు. ఎవరికి తిరిగిస్తే తీరుతుందో ఏ పాఠంలోనూ లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

మా నాన్న అబద్ధం చెప్పాడా అని అడిగింది పిన్ని. లేదు, ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రెండెకరాలు ఆమెవే. ఆ పంట మీద ఆ ఇంట్లో అందరం బతికాం. ఆమె ఏనాడూ మా అన్నం తినలేదు. మేమే ఆమె అన్నం తిన్నాం.

ఇది ఆమెకు చెప్పాల్సిన మాట. మీకు చెప్పాను.