అత్తగారు విన్న చిన్న నవల

మొన్న శుక్రవారం పొద్దున్న కాఫీ ఇద్దామని వెళ్ళి పిలిస్తే మా అత్తగారు పలకలేదు. నిద్రలోనే వెళ్ళిపోయారు. చూడవచ్చినవాళ్ళు "అదృష్టవంతురాలండీ, ఎవరిచేతా చేయించుకోలేదు" అన్నారు. నాకు మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి ఏం చెయ్యాలో తోచడం లేదు.

ఆవిడకు పుస్తకమంటే ప్రాణం. శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ అంటే భయం. అలా చదివే పని నామీద పడింది. కొత్తపేటలో మా వీధంతా టీవీ సీరియళ్ళ ముందు కూర్చునే వేళ మేం వెనక వసారాలో చాప వేసుకునేవాళ్ళం. ఆవిడ చీపురుకి కొబ్బరీనెలు చీరుతూ వినేవారు. నేను గొంతులో బాధ పలికిస్తే ఒప్పుకునేవారు కాదు.

"మామూలుగా చదువమ్మా. ఏడవాల్సొస్తే నేనేడుస్తాను."

ఒకసారి లైబ్రరీ నుంచి సన్నపాటి నవల తెచ్చాను. కాలవకు ఈ గట్టున తమ్ముడు, ఆ గట్టున అన్న. మాటల్లేవు. వానలు వస్తాయి, కోతలవుతాయి, ఒకనాడు అన్న పోతాడు. కథంతా అంతే.

"ఒక్కడైనా కేకెయ్యలేదా?" అన్నారు.

"లేదండీ అత్తయ్యగారూ."

ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

రాజోలు దగ్గర ఆవిడకు ఒక అక్కగారున్నారు. తండ్రి పోయాక కొబ్బరితోట పంపకాల్లో మాటామాటా పెరిగి, నేను కాపురానికి రాకముందే రాకపోకలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున్నే మా అత్తగారు మంచి చీర కట్టుకుని నిలబడ్డారు.

"పదమ్మాయ్, రాజోలెళ్దాం."

దారంతా అక్కతో ఏమనాలో నాకు చెప్పి చూసుకున్నారు. తీరా వెళ్ళాక ఆ ఇంటి కోడలు ఎదురొచ్చి, "ఏడాదై ఎవర్నీ గుర్తుపట్టడం లేదండీ" అంది మెల్లగా.

అరుగు మీంచి అక్కగారు, "ఎవరండీ మీరు?" అన్నారు.

మా అత్తగారు అరుగు చివర కూర్చుని, "మాది కొత్తపేటండీ" అన్నారు.

"మా చెల్లెల్నీ అక్కడే ఇచ్చేరండీ. కోపమొచ్చి రావడం మానేసింది. కనిపిస్తే చెప్పండి, నేను ఎదురుచూస్తన్నానని."

"ఆయ్, చెప్తానండి."

తిరుగు బస్సులో, "ఆ నవల రాసినాయన ఇంకాస్త ముందు రాయాల్సిందమ్మా" అన్నారు.

కానీ అక్కగారు పోయేదాకా నెలనెలా వెళ్ళారు, ప్రతిసారీ కొత్తపేట నుంచి వచ్చిన ఎవరో ఒకావిడగానే. చివరిసారి వెళ్ళింది వేసవిలో. అక్కగారు పనసతొనలో గింజ తీసేసి, తొన ఈవిడ చేతిలో పెట్టి, "తినండి, మొహమాటపడకండి" అన్నారు. మా అత్తగారు తల వంచుకుని తింటూంటే, అక్కగారు ఇంకొకటి ఒలిచి పట్టుకుని కూర్చున్నారు.