కుప్పం మెసేజులూ, నేను నొక్కని పొడుగు మీటా

కుప్పంలో మెసేజులు ఆగిపోయాయన్న వార్త నాకు మొట్టమొదట మోసుకొచ్చినవాడు మునెప్ప. అక్కడ మా కంపెనీ లైన్లు చూసే మనిషి. పాపం, ఆయన మోసుకొచ్చింది వార్త ఒక్కటే. దాన్ని అరగంటలో పెంచి పోషించి ప్రళయంగా చేసింది మాత్రం నేనే. పదకొండేళ్ళు కాచుకున్న ఒక మంచిమనిషి నోటికాడి ముద్దను నేను ఎంత భక్తిగా, ఎంత శ్రద్ధగా లాగెయ్యబోయానో చెప్తాను. మీరు నవ్వండి. ఎంత నవ్వితే నా పాపం అంత కరుగుతుందని నా ఆశ.

ఇది ఆరేళ్ళ కిందటి మాట. మదనపల్లెలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఏసీ గదిలో మా ఆఫీసు. నేను చేరి రెండు నెలలు. చిన్నప్పుడు కాళ్ళ జబ్బు వల్ల బడి మొహం చూడలేదు. మా నాయనే ఇంట్లో పలక పట్టించాడు, లెక్కలు చెప్పాడు, డిగ్రీ దాకా ఇంటినుంచే పరీక్షలు రాయించాడు. ఆయన ఋణం ఈ జన్మకు తీరేది కాదు. చదువుతోపాటు ఆయన రెండు సుగుణాలు కూడా నేర్పాడు. ఒకటి, నేర్పినవాళ్ళ మాట జవదాటకపోవడం. రెండు, ఉన్నదాంతో తృప్తి పడటం. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే పూట కలిస్తే ఎంత ప్రమాదమో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

మా గదిలో గేట్‌వే అని ఒక యంత్రం ఉండేది. భయపడకండి, సులువైన సంగతే. వి.కోట దాటాక సరిహద్దులో చెక్‌పోస్టు ఉంటుంది కదా, అలాంటిదే. ఫోను నెట్‌వర్కులో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే ప్రతి మెసేజూ దీని ముందు నిలబడాలి. యంత్రం దగ్గర ఒక రూల్సు పట్టీ ఉంటుంది. ఫలానా నంబరు ఊరి నుంచి వస్తే వదులు, ఫలానాది వస్తే ఆపు. పక్కనే ఆ రూలు రాసినవాళ్ళ పేరు, తేదీ. అంతే. అవి రాసే అధికారం మస్తాన్ భాయ్ ఒక్కరిది. నాది చూసే అధికారం.

మస్తాన్ భాయ్ పుంగనూరు మనిషి. అప్పటికి పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నారు. బడి సర్టిఫికెట్టు లేని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి పైవాళ్ళతో పోట్లాడింది ఆయనే. సెలవు మీద పోయేముందు నాకొక చీటీ రాసిచ్చారు.

"పద్మమ్మా, రూల్సు చూడాలంటే ఈ చీటీలో ఉండే అక్షరాలు కొట్టు, ఎంటర్ నొక్కు. పట్టీ వచ్చినాక రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకో. ఒక్క మీట కూడా ముట్టద్దు. తెలీక ఒక రూలు చెరిపితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మూగబోతాయి. అర్థమయిందా?"

"అయింది భాయ్."

అంత బాగా ఏ శిష్యురాలికీ అర్థమై ఉండదు.

మరునాడు భాయ్ వాళ్ళమ్మను పుంగనూరులో కంటి పరీక్షకు తీసుకుపోయారు. ఆ రోజే సాయంత్రం నాలుగు గంటలకు బెంగుళూరులో మా పెద్దసారు ఆయన పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెట్టాలి. పొద్దున్నే నేను ఆయన పేరున వెంకటరమణస్వామికి కొబ్బరికాయ కూడా కొట్టివచ్చాను. సరిగ్గా పదకొండుకు మునెప్ప ఫోను.

"అమ్మా, కుప్పంలో మెసేజులు రాలేదమ్మా!"

"ఒక్క ఫోనుకా మునెప్పా?"

"ఒక్క ఫోనయితే నీకు యాల చేస్తాను? ఊరంతా! ఓటీపీలు రాక రైలు టికెట్లు కావడంలేదని స్టేషన్ కాడ గుంపు. ఆసుపత్రిలో చీటీలు ఆగిపోయినాయి. నేను కంపెనీ మనిషినని అందరికీ తెలుసు గదా, కొట్టేట్టుండారు. టీ అంగట్లో బాయిలర్ ఎనక దాక్కోనుండాను."

"బాయిలర్ కాలుతుంది, జాగ్రత్త."

"కాల్తాండాదమ్మా! తొందరగా సూడు!"

భాయ్‌కు ఫోను చేశాను. ఆపేసి ఉంది. ఆసుపత్రి కదా అనుకున్నాను. గోడమీద ఎర్రదీపాలు వెలుగుతున్నాయి. మా గదిలో ఎర్రదీపం నేను చేరిన రోజు నుంచీ వెలిగేదే. నేను దానికి అఖండదీపమని పేరు పెట్టుకున్నాను కూడా. అందుకని అటు చూడకుండా, మనసులో దేవుణ్ణి తలుచుకుని, చీటీలోని అక్షరాలు ఒక్కొక్కటే కొట్టి ఎంటర్ నొక్కాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

పట్టీ వచ్చింది. ఇరవై వరసలు. గోడమీద అంటించిన కాగితంలో ఊళ్ళ నంబర్లు ఉంటాయి. కుప్పం నంబరు పట్టుకుని పైనుంచి వెతుక్కుంటూ వచ్చాను. పదిహేడో వరసలో దొరికింది.

ఆ నంబరు. పక్కన: ఆపు. పక్కన: మస్తాన్. పక్కన: నిన్నటి తేదీ.

పట్టీ అడుగున మూలన 'మోర్' అన్న మాట మిణుకు మిణుకుమంటోంది. ఇంకా కావాలంటే మీట నొక్కమని. నేను ఆ మాట చూడలేదనుకుంటున్నారా? చూశాను. అర్థం కూడా తెలుసు. కానీ ముట్టొద్దన్నారు కదా! యంత్రం నాకు ఆశ చూపిస్తోంది, నన్ను పరీక్షిస్తోంది అనుకున్నాను. "ఇంకా కావాలా?" అని అది అడుగుతోంది. "చాలు తండ్రీ, ఇచ్చిందే ఎక్కువ" అని మనసులోనే బదులిచ్చి, ఆ ప్రలోభాన్ని జయించినందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా. మునులకే సాధ్యం కాని నిగ్రహం నాకు ఒక మీట దగ్గర సిద్ధించింది.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నారని సామెత. నేనైతే ఎద్దు ఈనిందని ఎవరూ అనకముందే దూడకు పేరు పెట్టి బారసాల పిలుపులకు బయలుదేరాను. బెంగుళూరుకు ఫోను చేశాను.

మా పెద్దసారు కోలారు మనిషి. తెలుగులో తిట్టడం మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు.

"ఏనమ్మా, ఏమయింది కుప్పానికి?"

"మన గేట్‌వేలోనే ఆపేసి ఉండాది సార్."

"ఎవరు ఆపింది?"

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాను. ఇంకో రెండు క్షణాలు ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ అబద్ధం ఆడకూడదు కదా!

"మస్తాన్ భాయ్ పేరుండాది సార్. నిన్నటి తేదీతో."

"ఇరు, ఆగు. నేనూ ఇక్కడ తెరిచి చూస్తాను." టకటకమని చప్పుడు. నిమిషం కూడా కాలేదు. "అవును. ఉంది. ఆపు అనే ఉంది. పదకొండేళ్ళ అనుభవమంట! ఒక ఊరినే మూసేసి సెలవు పెట్టి పోయినాడు. ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది చూడు. నాలుగు లోపల కుప్పం సరికాకపోతే దీన్ని చించి, ఇంటికి పంపే కాగితం టైపు చేయిస్తాను."

"సార్, నేను ఆ రూలు తీసేస్తే..."

"నీవు ఏమీ ముట్టద్దు!"

ఇప్పుడు నన్ను ముట్టొద్దన్నవాళ్ళు ఇద్దరయ్యారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ ఇంకా చిత్రం. కాలేవి భాయ్ చేతులు, ఆకులు పట్టుకుని కూర్చున్నది నేను. పన్నెండు. ఒంటిగంట. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. భాయ్ నంబరు ఎన్నిసార్లు నొక్కానో నా వేలికే తెలుసు. మధ్యమధ్యలో మునెప్ప.

"ఏమైనా కుదిరిందామ్మా?"

"ఇంకా లేదు మునెప్పా. నువ్వు యాడుండావు?"

"టీ అంగడాయన తరిమేసినాడు. గ్రానైటు లారీ ఎక్కి కూర్చోనుండాను. ఇది కదిలితే నేను ఎల్లిపోతాను, మళ్ళీ రాను."

రెండున్నరకు భాయ్ ఫోను ఎత్తారు.

"ఏం పద్మమ్మా, ఇన్ని కాల్సా! ఆఫీసు కాలిపోయిందా?"

"కుప్పం ఆగిపోయింది భాయ్. మీరే ఆపేసినారు. నేను సారుకు చెప్పేసినాను. నాలుగు లోపల సరికాకపోతే మీ ఆర్డరు చించేస్తారంట. నన్ను క్షమించండి."

అవతల ఆయన అమ్మను బల్లమీద కూర్చోబెట్టి బయటికి వచ్చినట్టున్నారు.

"నేను ఆపినానా?"

"పదిహేడో రూలు. మీ పేరే ఉండాది."

"అది పాత నంబరు గదమ్మా! కుప్పానికి ఈ వారం కొత్త నంబరు వచ్చింది. పాతది పెట్టుకోని ఎవడైనా దొంగతనంగా దూరతాడని దాన్ని ఆపినా. కొత్తదాన్ని వదలమని కింద రాసినా. కింద సూడు."

"కింద ఏమీ లేదు భాయ్. ఇరవైతో అయిపోయింది."

"ఎట్లయిపోతుంది? అరవై పైన రాసినా నేను! అడుగున మోర్ అని లేదా?"

"ఉండాది."

"మరి?"

"నేను చాలనుకున్నాను భాయ్."



"చాలనుకున్నావా?"

"మీరే గదా ఒక్క మీట కూడా ముట్టద్దన్నారు."

"యా అల్లా! నొక్కమ్మా. కింద పొడుగు మీట ఉండాదే, దాన్ని నొక్కు."

"ఏదన్నా చెరిగిపోతే?"

"నా పేరే చెరిగిపోతాండాది ఆడ! నొక్కు!"

కళ్ళు మూసుకుని, గోవిందా అనుకుని నొక్కాను. కళ్ళు తెరిచేసరికి ఇంకో ఇరవై వరసలు. ముప్పై ఎనిమిదోది: నేనెరగని ఒక కొత్త నంబరు. పక్కన: కుప్పం అని గుర్తు. పక్కన: వదులు. పక్కన: మస్తాన్, నిన్నటి తేదీ. ఆ 'వదులు' అన్న మాట నన్ను చూసి నవ్వినట్టనిపించింది. ఒక నిర్దోషిని నేను సగం చదివి ఉరికంబం ఎక్కించాను.

"భాయ్... ఉండాది."

"ఏడుపు తర్వాత. టైమెంత? మూడు కావస్తాంది. రూలు బాగుంటే లైను పోయుండాల. గోడమీద ఎర్ర లైట్లు ఎన్ని?"

"అది ఎప్పుడూ వెలిగేదే గదా భాయ్."

"ఎప్పుడూ వెలిగేది ఒకటి! ఇప్పుడెన్ని?"

తిరిగి చూశాను. "రెండు."

"రెండోది పుంగనూరు! కుప్పం లైను ఈ ఊరి మీదనే పోవాల. నేను పోతాండా."

"అమ్మ కంట్లో చుక్కలు వేసుంటారు గదా?"

"ఎంట తీసుకోనే పోతా. మూడు మైళ్ళు కూడా లేదు."

ఆ తర్వాత జరిగింది ఆయన తరవాత చెప్పింది. ఆటోలో ముందు భాయ్, వెనక కళ్ళు మసకలతో అమ్మ. పుంగనూరు లైన్ల గది తాళం తీసి, బీరువా అంత పెట్టె వెనక దూరి చూస్తే వైరు కొరికేసి ఉంది. ఎవరనుకున్నారు? ఎలుక. విఘ్నేశ్వరుడి వాహనం! పొద్దున్నుంచీ దేవుణ్ణి సాయం రమ్మని పిలుస్తున్నాను కదా, ఆయన వాహనం నాకంటే ముందే వచ్చి పని ముగించుకుని పోయింది. భాయ్ ఆ వైరు అతుకుతుంటే అమ్మగారు గోడ పట్టుకుని నిలబడి టార్చి పట్టారట. ఏమీ కనబడక టార్చి కొడుకు మొహం మీదే వేశారట.

మూడూ యాభై. మునెప్ప కేక.

"అమ్మా! వచ్చినాయి! పొద్దున్నించీ రావాల్సినవన్నీ ఒక్కసారిగా వస్తాండాయి! నా ఫోను జేబులో కోడిపిల్ల మాదిరి ఎగురుతాండాది!"

"స్టేషన్ కాడ జనం?"

"నన్ను ఎత్తుకునేట్టుండారు. మళ్ళీ దాక్కుంటాండాను."

పది నిమిషాలు మిగిలాయి. పెద్దసారుకు ఫోను కలిపాను. భాయ్‌నీ అదే కాల్‌లోకి తెచ్చాను.

"సార్, భాయ్ తప్పేం లేదు. రూలు సరిగ్గానే ఉండాది. కొత్త నంబరు రెండో పేజీలో ఉండాది. నేను మొదటి పేజీ చూసి చెప్పినాను. తప్పంతా నాది. పంపే కాగితం నా పేరున టైపు చేయించండి."

"పట్టీ చివరిదాకా చూడటం రాని మనిషివి నీవు! ఈమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు?"

ఇదేమిటి, మళ్ళీ తిరిగి ఆయన మెడకే!

"నేనే సార్," అన్నారు భాయ్.

"నేర్పింది?"

"నేనే."

"ముట్టద్దని చెప్పింది?"

"అదీ నేనే సార్. యాడ ముట్టాలో చెప్పకపోయింది కూడా నేనే. ఆయమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆర్డరు చించేసుకోండి సార్. ఆయమ్మను తీయొద్దండి."

"లేదు సార్, నన్నే తీసేయండి!"

"మీరిద్దరూ సుమ్మనిరి!" నోరు మూసుకోమని సారు కన్నడంలోకి వచ్చేశారు. అంటే తిట్టు ముగింపుకొచ్చిందని అర్థం. "మూడూ యాభై ఐదు. నాకు ఒకటే తెలియాలి. ఇంత చిన్న పని, ఒక మీట నొక్కి రెండో పేజీ చూసే పని, కళ్ళున్న మనిషి ఎట్లా చెయ్యకుండా ఉంటుంది?"

దేవుడి సాక్షిగా చెప్తున్నాను, నేను ఎదిరించాలని అనలేదు. వెటకారం నా ఒంట్లో లేదు. నిజంగా అర్థం కాకే అడిగాను.

"నన్ను భాయ్ ముట్టద్దన్నారు గాబట్టి నేను ముట్టలేదు సార్. మరి మిమ్మల్ని ముట్టద్దన్నది ఎవరు సార్?"

లైను తెగిపోయిందేమో అనుకున్నాను. ఇంకో ఎలుక వచ్చిందేమో అనుకున్నాను. చాలాసేపటికి బెంగుళూరులో కాగితం బల్లమీద సర్దుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పెన్ను గీరుకున్న చప్పుడు.

"సంతకం పెట్టినాను," అన్నారు సారు. "ఈ కాల్ సంగతి ఎవరూ ఎక్కడా మాట్లాడద్దు."

అందుకే ఆరేళ్ళు ఆగి ఇప్పుడు రాస్తున్నాను. సారు ఈ మధ్యే ఆ కంపెనీ వదిలిపోయారు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఇక నా శపథం. సూర్యచంద్రులు, మా వెంకటరమణస్వామి, నాలుగు మీటలు ఊడిన నా పాత కీబోర్డు సాక్షిగా ఇందుమూలంగా ప్రకటించునది ఏమనగా: నేను ఇక మీదట పెళ్ళిపత్రికైనా, కరెంటు బిల్లైనా, సినిమా పేర్లైనా ఆఖరి అక్షరం దాకా చూడకుండా నోరు తెరవను. ఒకరి పేరు పక్కన 'ఆపు' అని కనిపిస్తే, ఆ మనిషి గురించి ఇంకో పేజీ ఉందేమో వెతకకుండా ఎవరికీ ఫోను చెయ్యను. ఈ శపథాన్ని ఇప్పటికి రెండుసార్లే తప్పాను.

మీకు ఒక్క మనవి. మస్తాన్ భాయ్ పోయినేడు రిటైరై పుంగనూరులోనే ఉన్నారు. ఈ సంగతి ఎప్పుడు ఎత్తినా "నాకు గుర్తులేదమ్మా" అంటారు. గుర్తులేకపోవడమేమిటి, నా పరువు దాచడం. మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకుంటారో ఆ దేవుడి ముందు, మీ సొంత కోరికలన్నీ అయ్యాకే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.